అమ్మానాన్నలతో వేగాస్ నుంచి ఎల్లోస్టోన్ దాకా పది రోజుల్లో తిరగొచ్చా? ప్లాన్ చూసి చెప్పండి

కృష్ణాతీరం (ఫ్రిస్కో, టెక్సస్), ఫిబ్రవరి 8, 2026

అందరికీ నమస్తే. అమ్మానాన్న తెనాలి నుంచి మే నెలాఖరుకి వస్తున్నారు, అమెరికా రావడం ఇదే మొదటిసారి, ఆరు నెలలు ఉంటారు. నాన్నకి 68, షుగర్ ఉంది కానీ రోజూ నడుస్తారు. అమ్మకి 63, మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే భయం. మాతో ఏడేళ్ళ పాప. జూన్‌లో పది రోజులు సెలవు దొరికింది, మళ్ళీ ఎప్పుడొస్తారో ఏమో, వచ్చినప్పుడే అన్నీ చూపించేద్దామని ఒక ప్లాన్ వేశా.

వేగాస్‌లో దిగి కారు తీసుకుని యూటాలోని జయాన్, బ్రైస్, ఆర్చెస్ నేషనల్ పార్కులు, అక్కణ్ణుంచి కిందికొచ్చి యాంటిలోప్ కాన్యన్, హార్స్‌షూ బెండ్, గ్రాండ్ కాన్యన్, మళ్ళీ పైకి సాల్ట్ లేక్ సిటీ మీదుగా గ్రాండ్ టీటాన్, ఎల్లోస్టోన్, చివర్లో కొండమీద అధ్యక్షుల మొహాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ చూసుకుని డెన్వర్‌లో ఫ్లైట్. డ్రైవింగ్ నేనూ మా ఆవిడా మార్చుకుంటాం. కుదురుతుందా? తిండి సంగతి కూడా చెప్పండి, నాన్న రెండో రోజుకే అన్నం అడుగుతారు.

ఓరుగల్లు_పోరడు (ఫీనిక్స్), ఫిబ్రవరి 8

అన్నా, మ్యాప్‌ల చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు అనిపిస్తయి గని మీరు రాసిన రూట్ మొత్తం కలిపితే 2500 మైళ్ళు దాటుతది, అంటే నాలుగు వేల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి కార్ల పోయి వాపస్ వచ్చినా అంత కాదు. గ్రాండ్ కాన్యన్ నుంచి సాల్ట్ లేక్ పోనీకే ఒక పొద్దంత పోతది, ఎల్లోస్టోన్ నుంచి రష్‌మోర్‌కి ఇంకో పొద్దు. పది రోజుల్ల నాలుగైదు రోజులు కారు అద్దంల నుంచే చూస్తరు. అమ్మ మోకాళ్ళకి నడకకన్న కార్ల అట్ల ముడుసుకోని కూసునుడే ఎక్కువ కష్టం, మా అమ్మను చూసిన గనక చెప్తున్న.

ఇది ఒక ట్రిప్ కాదన్నా, రెండు ట్రిప్పులు. మ్యాప్‌ల కిందిది వేరే, పైది వేరే.

బే_ఏరియా_బుజ్జి, ఫిబ్రవరి 8

నేను ఒప్పుకోను. మేం 2024లో అత్తయ్యా మావయ్యల్ని తొమ్మిది రోజుల్లో ఎనిమిది పార్కులు తిప్పాం. అలసిపోయారు నిజమే, కానీ ఊరెళ్ళాక ఎవరొచ్చినా ఆ ఫోటోలే చూపిస్తున్నారు. మావయ్యగారు ఈ వయసులో పదహారు గంటలు ఫ్లైట్‌లో కూర్చుని మళ్ళీ వస్తారో రారో తెలీదు, ఉన్నప్పుడే చూపించాలి అన్న కృష్ణాతీరం గారి ఆరాటం నాకు అర్థమైంది. పొద్దున్నే ఐదుకి బయల్దేరితే చాలా కవర్ అవుతుంది.

గోదారి_అక్క (డెన్వర్), ఫిబ్రవరి 9

బుజ్జీ, మీ మావయ్యగారి ఆరోగ్యం బాగుండబట్టి సరిపోయిందమ్మా. నాకు జరిగింది చెప్తా. అమ్మ వచ్చిన వారానికే రాకీ మౌంటెన్ పార్కులో ట్రైల్ రిడ్జ్ రోడ్డు ఎక్కించా, ఆ రోడ్డు 12,183 అడుగుల దాకా వెళ్తుంది. అమ్మ భీమవరంలో సముద్రమట్టానికి కాస్త పైన బతికిన మనిషి. పైకి వెళ్ళేసరికి తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరగడం, నాకు చేతులూ కాళ్ళూ ఆడలేదు. కిందికి దింపాక గంటకి తేరుకుంది. ఆ రోజు తప్పు నాదే, ఎత్తు సంగతి నాకు తట్టనే లేదు.

మీ రూట్‌లో అంత ఎత్తు లేదు కానీ తక్కువేం కాదు. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) దాదాపు 7000 అడుగులు, బ్రైస్ అంచు 8000 పైనే, ఎల్లోస్టోన్‌లో చాలా చోట్ల ఏడెనిమిది వేలు. ఊటీ కూడా ఏడు వేల పైనే కదా, కాబట్టి భయపడక్కర్లేదు, మొదటి రోజు ఎక్కువ నడిపించకుండా మంచినీళ్ళు బాగా తాగిస్తే చాలామందికి సర్దుకుంటుంది. కానీ షుగర్, బీపీ ఉన్నవాళ్ళని ఊళ్ళో డాక్టరుకి చూపించి ఎత్తు ప్రదేశాలకి వెళ్తున్నామని చెప్పి మందులు సరిచేయించుకోమనండి. విజిటర్ ఇన్సూరెన్స్ కూడా మర్చిపోకండి, పాత జబ్బులకి అందులో ఏం వస్తుందో కొనేముందే చదవండి.

సాల్ట్‌లేక్_వాసి, ఫిబ్రవరి 9

పోరడు అన్నది కరెక్ట్, రెండు ట్రిప్పులే. పైగా జూన్‌లో కింద వేడి మామూలుగా ఉండదు. వేగాస్, జయాన్ లోయలో జూన్ రెండో వారం దాటితే 100 డిగ్రీల ఫారన్‌హీట్ అంటే మన 38 సెల్సియస్ దాటేస్తుంది, జయాన్ బస్సు దిగి రివర్‌సైడ్ వాక్ నడవాలంటే పొద్దున ఎనిమిదిలోపే. జులై, ఆగస్టుల్లో ఇంకో గండం, సాయంత్రాలు ఉరుముల వానలు పడి ఇరుకు లోయల్లోకి వరద ఒక్కసారిగా వస్తుంది. 1997 ఆగస్టులో లోయర్ యాంటిలోప్‌లో 11 మంది అలాగే కొట్టుకుపోయి చనిపోయారు, వాన వాళ్ళ నెత్తిమీద పడలేదు, ఎక్కడో ఎగువన పడింది.

అదే ఎల్లోస్టోన్‌కి జూన్ మూడో వారం నుంచి బాగుంటుంది. నవంబరు మొదట్నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా అక్కడ చాలా రోడ్లు కార్లకి మూసేస్తారు, డన్‌రేవెన్ పాస్ అనే కొండదారి అయితే మే చివరికి గానీ తెరవరు. జూన్‌లో కూడా ఒక పూట మంచు పడొచ్చు, స్వెట్టర్లు తప్పనిసరి.

అమ్మానాన్న నవంబరు దాకా ఉంటారు అన్నారు కదా. జూన్‌లో ఎల్లోస్టోన్, టీటాన్ చూపించండి. గ్రాండ్ కాన్యన్, జయాన్ అక్టోబరుకి ఆపండి, అప్పుడు అక్కడ వాతావరణం హాయిగా ఉంటుంది. రష్‌మోర్ తీసేయండి, కొండమీద నాలుగు మొహాల కోసం ఒక రోజంతా రోడ్డుకి ఇవ్వక్కర్లేదు.

కృష్ణాతీరం, ఫిబ్రవరి 9

అక్టోబరు సంగతి నాకు తట్టనే లేదు అండీ. నేను సెలవుల్ని చూశాను గానీ వాళ్ళు ఉండేది ఆరు నెలలు అని ఆలోచించలేదు. అయితే అక్టోబరులో పాపకి స్కూలు, నాలుగైదు రోజులకి మించి కుదరదు.

జూన్‌లో ఎల్లోస్టోన్ ఒక్కటే అయితే ఎన్ని రోజులు పెట్టాలి? ఒక కొలీగ్ రెండు రోజులు చాలు, వేడినీళ్ళు ఎగజిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చూసి వచ్చేయొచ్చు అన్నాడు.

సాల్ట్‌లేక్_వాసి, ఫిబ్రవరి 10

రెండు రోజులు చాలవు. లోపలి రోడ్డు ఎనిమిది అంకెలా ఉంటుంది, మొత్తం 142 మైళ్ళు, ఎక్కువచోట్ల గంటకి 45 మైళ్ళు మించి పోనివ్వరు, దానికి తోడు రోడ్డు మీద బైసన్ (అడవిదున్నలు) మందొకటి అడ్డం నిలబడితే అవి కదిలేదాకా అందరూ ఆగాల్సిందే. మేం హేడెన్ వ్యాలీలో గంటకి పైగా ఆగాం, పిల్లలకి ఆ గంటే బాగా గుర్తుంది. లోపల మూడు పూర్తి రోజులు, టీటాన్‌కి ఒకటిన్నర రోజు పెట్టండి.

సాల్ట్ లేక్ దాకా ఫ్లైట్‌లో వచ్చి అక్కడ కారు తీసుకుంటే జాక్సన్‌కి ఐదు గంటలు, దారిలో రెండుసార్లు ఆగండి. జాక్సన్ ఎయిర్‌పోర్టు టీటాన్ పార్కులోనే ఉంది, అమెరికాలో నేషనల్ పార్కు లోపల ఉన్న కమర్షియల్ ఎయిర్‌పోర్టు అదొక్కటే, టికెట్ రేటు ఎక్కువైనా పెద్దవాళ్ళతో అయితే ఒకసారి పోల్చి చూసుకోండి.

జెన్నీ లేక్ దగ్గర పడవ ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళొచ్చు. అవతల కొండ ఎక్కక్కర్లేదు, పడవలో వెళ్ళి కాసేపు కూర్చుని అదే పడవలో తిరిగి రావచ్చు. టీటాన్ కొండలు తిన్నగా నీళ్ళలోంచి లేచినట్టు కనిపిస్తాయి.

తర్వాత ఎల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగుల వేడినీటి గుండం ఒక రోజు. గ్రాండ్ ప్రిస్మాటిక్ పొద్దున్నే చూడొద్దు, చలికి ఆవిరి కమ్మేసి ఏమీ కనపడదు, ఎండెక్కాక వెళ్తేనే రంగులు తెలుస్తాయి. దాని వెడల్పు 370 అడుగులట, ఆ నారింజ, పసుపు రంగులు వేడినీళ్ళలో బతికే సూక్ష్మజీవులవి. రెండో రోజు ఎల్లోస్టోన్‌లోనే ఉన్న కాన్యన్ అనే లోయ వైపు, ఆర్టిస్ట్ పాయింట్ నుంచి 308 అడుగుల జలపాతం, మీ అమ్మగారికి కూడా దాదాపు నడక లేనట్టే. మూడో రోజు మామత్ వేడినీటి ఊటలు, ఓపిక ఉంటే లామార్ వ్యాలీ, తెల్లారకముందే వెళ్తే ఎలుగుబంట్లు, తోడేళ్ళు కనపడే అవకాశం ఉంటుంది, బైనాక్యులర్స్ పట్టుకెళ్ళండి.

పార్కు లోపలి లాడ్జీలు ఏడాది ముందే అయిపోతాయి. ఇప్పుడు చూస్తే ఏమీ ఉండదు, కానీ రోజూ రాత్రి ఒకసారి సైట్ తెరిచి చూడండి, క్యాన్సిలేషన్లు పడుతుంటాయి, మాకు కాన్యన్ దగ్గర రెండు రాత్రులు అలాగే దొరికాయి. ఈలోపు వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్ళో ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న రూమ్ ఒకటి పట్టి ఉంచుకోండి.

సీమ_టు_సియాటెల్, ఫిబ్రవరి 10

జాగ్రత్తలు నేను చెప్తా అన్నా. మాది జమ్మలమడుగు పక్కన, చిన్నప్పటి నుంచి గండికోటలో పెన్నా లోయ అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నోళ్ళం. మా నాయన గ్రాండ్ కాన్యన్ చూసి అరగంట మాట్లాడలేదు, ఆ తర్వాత "మన గండికోట దీనికి చిన్న బిడ్డ రా" అన్నాడు. లోతు ఒక మైలు, పొడవు 277 మైళ్ళు. మనకి లోయలు అలవాటే అనే ధీమాతో అంచు దాకా పోయేది మనోళ్ళే ఎక్కువ, సెల్ఫీ కోసం రెయిలింగ్ లేని చోటికి పోతారు, దయచేసి ఆ పని వద్దు. అక్కడ వదులు రాళ్ళు, ఇసుక ఉంటాయి, షూ జారిందంటే పట్టుకోడానికి ఏమీ ఉండదు.

2022 డిసెంబరులో అరిజోనాలోనే గడ్డకట్టిన చెరువు మీద మంచు విరిగి మన తెలుగోళ్ళు ముగ్గురు పోయారు. ఆ వార్త చదివినప్పటి నుంచి ఎవురు ట్రిప్పు అన్నా నాకు ముందు అదే గుర్తొస్తుంది.

ఎల్లోస్టోన్‌లో చెక్క దారి దిగొద్దు, పాప చెయ్యి వదలొద్దు. పైన గట్టి నేల మాదిరి ఉంటుంది, కింద మరిగే నీళ్ళు. 2024 జులైలో బిస్కట్ బేసిన్‌లో నేల ఉన్నట్టుండి పేలి రాళ్ళు, బురద ఆకాశానికి లేచినాయి, జనం పరిగెత్తిన వీడియో మీరూ చూసుంటారు. ఎలుగుబంటికి, తోడేలుకి 100 గజాలు, బైసన్‌కి, మిగతా వాటికి 25 గజాలు దూరం ఉండాలి. బైసన్ ఆవు మాదిరి నెమ్మదిగా మేస్తా ఉంటుంది, పరిగెత్తిందంటే మనిషి తప్పించుకోలేడు. ఎలుగుబంటిని తరిమే బేర్ స్ప్రే విమానంలో తీసుకుపోనీరు, అక్కడే కొనుక్కోండి.

లోపల ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల రాదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

రిటైర్డ్_మాష్టారు (విజయనగరం), ఫిబ్రవరి 11

బాబూ, ఇందాకటి నుంచి అన్నీ చదివాను. ఇక్కడ రాసేవాళ్ళంతా తీసుకెళ్ళిన పిల్లలే, వెళ్ళిన పెద్దవాళ్ళ వైపు నుంచి నేను రెండు మాటలు రాస్తాను. మేము 2023లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాం.

మొదటి ట్రిప్పులో రోజుకి ఎనిమిది గంటలు కారు. నడుము నొప్పి పుట్టినా చెప్పలేదు, పిల్లలు అంత డబ్బు పెట్టి తీసుకొచ్చారు, అల్లుడు రాత్రీ పగలూ నడుపుతున్నాడు, ఆపమంటే ఏమనుకుంటాడో అని. బాత్రూమ్ కోసం ఆపమనడానికి కూడా మా ఆవిడ మొహమాటపడి నీళ్ళు తాగడం మానేసింది, ఆ రాత్రి కాళ్ళు పట్టేశాయి. అందుకని వాళ్ళు అడగనక్కర్లేకుండా మీరే గంటన్నరకొకసారి ఆపేయండి. మీ నాన్నగారికి షుగర్ కాబట్టి తినే టైము అసలు తప్పనివ్వకండి. మందుల సంచి డిక్కీలో కాదు, ఆయన కాళ్ళ దగ్గర ఉండాలి.

ఎల్లోస్టోన్‌కి తర్వాత వెళ్ళాం, అక్కడ మా అల్లుడు మూడు రాత్రులు ఒకేచోట దిగాడు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దాదాపు గంటన్నరకొకసారి ఎగజిమ్ముతుంది, ఎప్పుడు వస్తుందో అంచనా టైము బోర్డు మీద రాస్తారు. మేము వెళ్ళేసరికి ఒకటి అప్పుడే అయిపోయింది. వెళ్ళిపోదామా అంటే వద్దన్నాను. నేను ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, బెంచీ మీద కూర్చుని మనవడికి వివరించాను, భూమిలోకి దిగిన వాన నీరు, మంచు నీరు కింద వేడి రాళ్ళ దగ్గర కాగుతుంది, పైకొచ్చే గొట్టం ఇరుకు, పైన నీటి బరువు మూతలా కూర్చుంటుంది, కాబట్టి నూరు డిగ్రీలు దాటినా మరగలేదు, ఒక్కసారి పైనీరు కాస్త పొర్లి బరువు తగ్గగానే కిందిదంతా ఆవిరై తోసేస్తుంది, అమ్మమ్మ కుక్కర్ మూత తొందరపడి తీస్తే ఏమవుతుందో అదే అని. వాడు టైము చూస్తూ కూర్చున్నాడు. నీళ్ళు లేచినప్పుడు వాడు నా చెయ్యి పట్టుకుని "తాతా, మూత పోయింది" అని అరిచాడు.

మొదటి ట్రిప్పులో చూసిన పార్కుల పేర్లు ఇప్పుడు నాకు వరసగా చెప్పడం రాదు. ఆ బెంచీ మాత్రం ఏ వైపు ఉందో చెప్పగలను.

బే_ఏరియా_బుజ్జి, ఫిబ్రవరి 11

మాష్టారూ, మీ పోస్టు చదివి మావయ్యగారికి ఫోన్ చేశా. నడుము నొప్పి ఆయనకీ వచ్చిందట, ఇప్పుడు చెప్పారు. కృష్ణాతీరం గారూ, నేను చెప్పింది పక్కన పెట్టండి.

గోదారి_అక్క, ఫిబ్రవరి 11

మాష్టారికి నమస్కారం. ఇప్పుడు తిండి సంగతి. పార్కుల పక్క ఊళ్ళలో మన భోజనం దొరుకుతుందని నమ్ముకోకండి. వంటిల్లు ఉన్న రూమ్ తీసుకోండి, లేదంటే చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టుకోండి. ఇండియా నుంచి తెచ్చిన కుక్కర్ పని చెయ్యదు, మనది 230 వోల్టులు, ఇక్కడ 120. పులిహోర మొదటి రెండు రోజులకి. తర్వాత కుక్కర్లో అన్నం, కందిపొడి, నెయ్యి, గోంగూర, మజ్జిగ. పెరుగు ఏ వాల్‌మార్ట్‌లోనైనా దొరుకుతుంది. రూమ్‌లో తాలింపు మాత్రం పెట్టకండి, పొగకి అలారం మోగుతుంది. ఎల్లోస్టోన్‌లో తిన్నాక ఒక్క మెతుకు కూడా బయట బల్ల మీద వదలకూడదు, ఎలుగుబంట్లు మనిషి తిండికి అలవాటు పడితే చివరికి వాటినే చంపాల్సి వస్తుంది. అంతా కార్లో పెట్టి తలుపు వెయ్యండి.

ఓరుగల్లు_పోరడు, ఫిబ్రవరి 12

అక్టోబర్ ట్రిప్ నాకు వదిలేయున్రి, ఇది నా ఏరియా. నాలుగు రోజులంటే వేగాస్ నుంచి జయాన్ 160 మైళ్ళు, అక్కడ రెండు రాత్రులు. బస్సులు నడిచే రోజుల్ల జయాన్ లోయలకి సొంత కార్లు పోనియ్యరు, ఫ్రీ బస్సే, అమ్మకి అది ఇంకా నయం. తర్వాత గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ ఒకటి లేకపోతే రెండు రాత్రులు, అక్కడ కూడ ఫ్రీ బస్సులున్నయి. నార్త్ రిమ్ ఆలోచనే వద్దు, 2025 జులైల మంటలల్ల అక్కడి లాడ్జే కాలిపోయింది. పొద్దుగూకే టైముకి డెజర్ట్ వ్యూ దగ్గర ఉండున్రి, 1932ల కట్టిన రాతి బురుజు ఉంటది, అక్కడి నుంచి కొలరాడో నది కనవడ్తది. పొద్దు దిగుతుంటే రాయి రంగు నిమిషానికొకటి మారుతది.

నడుమ పేజ్ ఊరు తగుల్తది. టైముంటే యాంటిలోప్, లేకుంటే వదిలేయున్రి. పోతే అప్పర్‌కి పోవాలె, అది లోపల చదును గని బయటికొచ్చే దారిల మెట్లుంటయి, లోయర్‌ల ఇనుప నిచ్చెనలుంటయి, అమ్మతోని కాదు. గైడ్ టూర్ లేకుండ పోనియ్యరు, అది నవాహో అనే ఆదివాసీల జాగ, నేషనల్ పార్క్ పాస్ చెల్లదు. ఒక్క మాట గుర్తువెట్టుకో అన్నా, అరిజోనాల గడియారం మార్చరు, యూటాల మారుస్తరు. అక్టోబర్‌ల జయాన్‌ల పది అయితే పేజ్‌ల తొమ్మిదే. ఇదే లెక్క ఉల్టా ఏస్కోని మేం ఒక టూర్ పోగొట్టుకున్నం, పైసలు వాపస్ రాలే.

సాల్ట్‌లేక్_వాసి, ఫిబ్రవరి 12

పార్కుల ఎంట్రీ ఫీజు సంగతి ఎవరూ చెప్పలేదు, ఈ ఏడాది మారింది. జనవరి 1 నుంచి యాన్యువల్ పాస్ ఇక్కడ ఉండేవాళ్ళకి 80 డాలర్లే, బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళకి 250. పాస్ లేకుండా వస్తే 11 పెద్ద పార్కుల్లో 16 ఏళ్ళు నిండిన విదేశీయులకి మామూలు టికెట్ కాక తలకి 100 డాలర్లు అదనం. మీరు అనుకునే ఎల్లోస్టోన్, టీటాన్, జయాన్, గ్రాండ్ కాన్యన్ నాలుగూ ఆ లిస్టులో ఉన్నాయి. విజిట్ వీసా మీద వచ్చే మన అమ్మానాన్నలు ఇందులోకే వస్తారు. పాస్ ఎవరి పేరున తీసుకోవాలి, దాని మీద కార్లో ఎవరెవరిని వదుల్తారు అన్నది పార్కు సైట్‌లో చదివి కొనండి, గేటు దగ్గర ఐడీ అడుగుతారు. పాస్ ఏడాది నడుస్తుంది కాబట్టి జూన్‌లో తీసుకుంటే అక్టోబరుకి కూడా పనికొస్తుంది.

కృష్ణాతీరం, ఫిబ్రవరి 14

ఎవరెవరికి థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. నిన్న రాత్రి నాన్నతో వీడియో కాల్‌లో మాట్లాడి మీరు చెప్పినవన్నీ చెప్పా. ముందు "మీ ఇష్టం రా" అన్నారు, మాష్టారు రాసింది చదివి వినిపించాక "అయితే నా మందుల సంచి కాళ్ళ దగ్గరే పెట్టు" అన్నారు.

జూన్ 20న సాల్ట్ లేక్‌లో దిగుతున్నాం. ఆ రాత్రి అక్కడే, మర్నాడు మెల్లగా జాక్సన్, రెండు రాత్రులు, జెన్నీ లేక్ పడవ. అమ్మ పాపికొండలు బోటు ఎక్కాలని ఎన్నాళ్ళుగానో అంటోంది, నేను తీసుకెళ్ళలేకపోయా, ఈ పడవ అన్నా ఎక్కిస్తా. తర్వాత ఎల్లోస్టోన్ నాలుగు రాత్రులు, వెస్ట్ ఎల్లోస్టోన్‌లో వంటిల్లున్న రూమ్ బుక్ చేశా, లోపల క్యాన్సిలేషన్ కోసం రోజూ చూస్తున్నా. తిరుగు దారిలో సాల్ట్ లేక్‌లో ఒక రాత్రి, మిగిలిన రెండు రోజులు ఇంట్లో విశ్రాంతి. అక్టోబరులో జయాన్, గ్రాండ్ కాన్యన్ నాలుగు రోజులు, పేజ్ లేదు. ఆర్చెస్, బ్రైస్, రష్‌మోర్ మొత్తం తీసేశా.

ఒక్క డౌట్. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర అమ్మ అంతసేపు కూర్చోవాలంటే మడత కుర్చీ పట్టుకెళ్ళాలా, లేక బెంచీలు సరిపోతాయా?

రిటైర్డ్_మాష్టారు, ఫిబ్రవరి 14

బెంచీలు చాలానే ఉన్నాయి బాబూ, కానీ వీపు ఆనించుకోడానికి ఉండదు. అరగంట ముందే వెళ్ళి ముందు వరసలో కూర్చోండి, అమ్మగారికి వెనకాల ఒక దిండు పెట్టి మీరు పక్కన కూర్చుంటే ఆనుకుంటారు. గాలి ఏ వైపు వీస్తోందో చూసుకోండి, ఆవిరి మీ వైపు వస్తే ఏమీ కనపడదు.